అరవై ఒక్క అంచెల కుళాయి

ఊరి పేరు చెప్పను. చెబితే మెమో వస్తుంది, నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది. మా మున్సిపాలిటీలో నేను ఇన్‌వర్డ్ సెక్షన్ సీనియర్ అసిస్టెంటుని. పేరు సోమరాజు. జనం తెచ్చిన అర్జీ మీద నంబరు వేసి, తేదీ ముద్ర కొట్టి లోపలికి పంపడం నా పని. లోపలికి వెళ్ళాక దానికేమవుతుందని మాత్రం నన్నడక్కండి. అలాంటి కుతూహలం ఉన్నవాణ్ణయితే ఇన్నేళ్ళు ఆ కుర్చీలో కూర్చోగలిగేవాణ్ణా?

మా కమిషనర్ హేమచంద్ర గారు మార్చి నెలలో రాజధానికి మూడు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. ‘సుపరిపాలనలో సృజనాత్మకత’ అని దాని పేరు. అక్కడ భోజనాలయ్యాక, అందరికీ కునుకు పట్టే వేళకి, ఎవరో ఒక పాత విదేశీ టీవీ ప్రకటన వేశారట. ఏదో అలారం గడియారాల కంపెనీది. ఒక గోళీ దొర్లుతుంది. అది పోయి చెంచాను కొడుతుంది. చెంచా ఎగిరి కప్పు మీద పడుతుంది. కప్పు ఒరిగి సీసాను తోస్తుంది. ఇలా రెండు నిమిషాలపాటు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయి, చిట్టచివరికి గడియారం గణగణ మోగుతుంది. మనిషి చెయ్యి ఎక్కడా కనబడదు. తక్కిన కమిషనర్లందరూ ఆ మోతకి ఉలిక్కిపడి లేచి టీ తాగడానికి వెళ్ళారు. మా కమిషనర్ గారు మాత్రం అది మనసులో పెట్టుకుని ఊరికి తెచ్చారు.

వచ్చిన మర్నాడే స్టాఫ్ మీటింగు.

“మిత్రులారా, నేను చూసింది ప్రకటన కాదు, పరిపాలన,” అన్నారు. “మన కార్యాలయం మీద ప్రజలకున్న ప్రధాన అభియోగం ఏమిటి? చెయ్యి తడిపితే గాని పని జరగదని. అసలు చెయ్యే లేకపోతే తడపడానికి ఏముంటుంది?”

మేమంతా మా చేతుల వంక చూసుకున్నాం.

“అర్జీ పెట్టెలో పడిన క్షణం నుంచి పని పూర్తయ్యేవరకు ఒక అంచె మరొక అంచెను ప్రేరేపిస్తూ పోవాలి. మానవ హస్త రహిత సేవా ప్రవాహం! దీన్ని మనం రెండు నిమిషాల ప్రకటనగా తీసి రాష్ట్రానికి చూపించబోతున్నాం.”

“సేవ కూడా అలాగే చేస్తామాండి?” అని అసిస్టెంట్ ఇంజనీర్ జోగారావు అడిగాడు. నీటి సరఫరా అతని కింద ఉంది.

“ముందు ప్రకటన కానివ్వండి జోగారావుగారూ. తొందరపాటు పనికిరాదు,” అన్నారు కమిషనర్ గారు.

ప్రకటన తీయడానికి హైదరాబాదు నుంచి నిఖిలేష్ అనే కుర్రవాడు దిగాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, చెవికి పోగు, కాలికి రెండు రంగుల చెప్పులు. మా ఆఫీసంతా కలయతిరిగి, “వావ్, ఇక్కడ ఏదీ కదలట్లేదు సర్! అదే మన స్ట్రెంత్. కదిలిందంటే చాలు, ఇంపాక్టే ఇంపాక్టు,” అన్నాడు. కమిషనర్ గారు దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నారు.

కథ ఖాయమైంది. ఒక పేదరాలి అర్జీ పెట్టెలో పడుతుంది. దాని బరువుకి పేపర్‌వెయిట్ దొర్లుతుంది. అది రబ్బరు స్టాంపును పడగొడుతుంది. స్టాంపు అదురుకి రిజిస్టర్లు వరసగా ఒకదాని మీదొకటి కూలుతాయి. ఆఖరి రిజిస్టరు సూపరింటెండెంటు గారి చక్రాలున్న ఆఫీసు కుర్చీని తోస్తుంది. కుర్చీ స్విచ్చుకి తగిలి ఫ్యాను తిరుగుతుంది. ఇలా అరవై అంచెలు దాటి, అరవై ఒకటో అంచెలో పేదరాలి గుమ్మం ముందు కుళాయి దానంతటదే తిరిగి గ్లాసులో నీళ్ళు పడతాయి. ఆవిడ తాగి నవ్వుతుంది.

ఆ పేదరాలి కోసం మా పెండింగు అర్జీలన్నీ నేల మీద పరిపించాడు నిఖిలేష్. పరవడానికే ఒకటిన్నర రోజు పట్టింది. అందులో ఫొటో అంటించి ఉన్నదొక్కటే. గంధం నూకరత్నం, రేకుల షెడ్ల వీధి.

ఈ నూకరత్నాన్ని నేనెరుగుదును. జంతికలూ సున్నుండలూ చేసి అమ్ముతుంది. ఇంటికి కుళాయి కావాలని అర్జీ పెట్టి రెండేళ్ళయింది. ఆ వీధివాళ్ళంతా రైల్వే గేటు దాటి వెళ్ళి వీధి కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకోవాలి. అరకిలోమీటరు నడక. ఆరు నెలల కిందట ఆవిడకి గర్భసంచి ఆపరేషనయింది. బిందె ఎత్తితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ రాసిచ్చిన చీటీని కూడా తెచ్చి పాత అర్జీకి గుచ్చమని ఇచ్చింది. చేసిపెట్టే దిక్కు లేదు కనుక ఎత్తుతూనే ఉంది. ప్రతి సోమవారం నా కిటికీ దగ్గరికొచ్చి, “బాబుగారూ, నా కాయితం ఏమన్నా కదిలిందాండి?” అని అడిగేది. “ప్రాసెస్‌లో ఉందమ్మా,” అనేవాణ్ణి. ఆ మాటకి అర్థం నాకూ తెలియదు, ఆవిడా అడగలేదు.

ఇప్పుడు కమిషనర్ గారే స్వయంగా జీపులో ఆ వీధికి వెళ్ళి చెప్పారు. “అమ్మా, మీ అర్జీ ఎంపికైంది. ప్రకటన పూర్తయిన క్షణంలోనే మీ ఇంట కుళాయి ప్రవహిస్తుంది.”

“ఇప్పుడే ఇచ్చేయొచ్చు కదండీ బాబూ? మీ సినిమా తర్వాత తీసుకోండి,” అంది నూకరత్నం.

“అలా కుదరదు. ముందే నీళ్ళొస్తే మీ ముఖంలో ఎదురుచూపు పోతుంది. సహజత్వం దెబ్బతింటుంది.”

ఏప్రిల్ మొదటి వారంలో ఆఫీసు మొత్తం రేకుల షెడ్ల వీధికి తరలింది. షామియానా వేశారు. నూట ఇరవై అడుగుల పొడవున బల్లలూ, కుర్చీలూ, డెబ్భై ఎనిమిది రిజిస్టర్లూ నిలబెట్టారు. స్టాంపులన్నీ పట్టుకుపోయారు కనుక ఆఫీసులో ముద్ర కొట్టడం ఆగిపోయింది. రిజిస్టర్లు లేవు కనుక రాయడం ఆగిపోయింది. మొదటి పది రోజులు ఈ సంగతి ఊళ్ళో ఎవరూ గమనించలేదు. పదకొండో రోజున ఒకాయన వచ్చి, ఆఫీసు చాలా ప్రశాంతంగా ఉందని మెచ్చుకుని వెళ్ళాడు.

రోజుకి ఒకటే టేకు. అన్నీ మళ్ళీ నిలబెట్టేసరికి మధ్యాహ్నమయ్యేది. మొదటి రోజు స్టాంపు సిరా అట్టకి అతుక్కుపోయి లేవలేదు. రెండో రోజు అంతా సవ్యంగా సాగుతుండగా కమిషనర్ గారు ఎదురొచ్చారని అటెండరు నిలబడి సలాం కొట్టాడు, మోచెయ్యి తగిలి బల్ల పడింది. మూడో రోజు కోడి. నాలుగు, అయిదు, ఆరు రోజులు సూపరింటెండెంటు గారి కుర్చీ కదలనంది. ఇరవై ఏళ్ళుగా టర్కీ టవలు కప్పుకుని ఒకేచోట ఉన్న కుర్చీ అది, పాపం చక్రాలున్న సంగతే మరిచిపోయింది. చక్రాలకి నూనె పోస్తే ఏడో రోజున కదిలింది గాని, ఆగకుండా వెళ్ళి కాలవలో పడింది.

ప్రతి టేకుకీ నూకరత్నం గుమ్మంలో గ్లాసు పట్టుకుని కూర్చునేది. “స్టార్ట్!” అనగానే కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునేది. పాడైన ప్రతిసారీ అందరికంటే ఎక్కువ బాధపడింది ఆవిడే. కోడి ఆవిడదే కనుక మూడో రోజు సాయంత్రం దాన్ని చెల్లెలింటికి పంపించేసింది కూడా.

ఇక నీళ్ళ సంగతి. గోడకి తెల్లటి కొత్త కుళాయి బిగించారు. గోడ వెనక సరివి బాదులతో కట్టిన మంచె మీద ఒక డ్రమ్ము పెట్టారు. ఆ డ్రమ్ము నింపడానికీ, వీధి తళతళలాడేలా తడపడానికీ రోజూ ఒక మున్సిపల్ ట్యాంకరు వచ్చేది. అయిదు వేల లీటర్లు. డ్రమ్ముకీ వీధికీ కలిపి వెయ్యి సరిపోయేది. మా మున్సిపాలిటీ నిబంధన ప్రకారం ట్యాంకరు షెడ్డుకి ఖాళీగా తిరిగి రావాలి. నీళ్ళు మిగిల్చి తెస్తే ట్రిప్పు కొట్టినట్టు లెక్క కాదు, డ్రైవరు సంజాయిషీ రాసుకోవాలి. అందుకని టేకు పాడవగానే డ్రైవరు కేకేసేవాడు: “రండమ్మా, పట్టుకోండి, నాకు టైమవుతోంది!” వీధిలో ఉన్న బిందెలూ, బకెట్లూ, గంగాళాలూ అన్నీ గుమ్మాల ముందే నిండేవి. పుట్టినప్పటినుంచీ ఆ వీధి ఎరగని భోగం.

తొమ్మిదో రోజున నూకరత్నం జోగారావుని అడిగింది. “అయ్యగారూ, ఈ గొట్టం ఎక్కణ్ణుంచి వస్తుందండి?”

జోగారావు మంచివాడు. అబద్ధం చెప్పడం చేతకాక ఇరవై ఏళ్ళుగా ఏఈగానే ఉండిపోయాడు. “ఆ డ్రమ్ము దాకానేనమ్మా. మెయిన్ లైను రైల్వే గేటు అవతలే ఉంది. పట్టాల కింద నుంచి గొట్టం తేవాలంటే రైల్వేవాళ్ళు ఒప్పుకోవాలి. ఆ కాగితం...”

“ప్రాసెస్‌లో ఉందాండి?”

జోగారావు తలొంచుకున్నాడు.

“మరి సినిమా అయిపోతేనో?”

“డ్రమ్ము తీసుకుపోతారు.”

“ట్యాంకరో?”

“అదీ రాదమ్మా.”

నూకరత్నం గ్లాసు కడిగి బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది.

పదో రోజు నుంచి టేకులు ముప్ఫై ఏడో రిజిస్టరు దగ్గర ఆగిపోవడం మొదలైంది. ముప్ఫై ఆరు దాకా టపటపా పడేవి, ముప్ఫై ఏడు మొండికేసి నిలబడేది. అది జనన మరణాల రిజిస్టరు, కాస్త బరువైనదేలే అని మార్చి చూశారు. దాని చోట ఆస్తిపన్ను రిజిస్టరు పెడితే అదీ నిలబడింది. నిఖిలేష్ జుట్టు పీక్కున్నాడు. పదిహేడో రోజుకల్లా కమిషనర్ గారు త్రిసభ్య కమిటీ వేశారు. కమిటీ మూడు రోజులు షామియానాలో కూర్చుని, మజ్జిగ తాగి, నివేదిక ఇచ్చింది: “వైఫల్యమునకు భూమి వాలు, వేసవి గాలి మరియు రిజిస్టర్లయందలి సమాచార భారము కారణములై ఉండవచ్చును. నిరంతర నిఘా అవసరము.” స్టాంపులు లేక ఖాళీగా కూర్చున్నది నేనే కనుక నిఘా అధికారిగా నన్ను వేశారు.

నిఘా పెట్టిన మొదటిరోజే దొరికింది. పొద్దున్నే నూకరత్నం వీధి ఊడుస్తూ వచ్చి, ముప్ఫై ఏడో రిజిస్టరు దగ్గర వంగింది. ఆవిడ వెళ్ళాక చూద్దును కదా, అట్ట ముందంచు కింద చింతగింజ. అంత లావు రిజిస్టరు ఆ గింజ మీద వెనక్కి వాలి హాయిగా నిలబడి ఉంది.

నేను గింజ వంక చూశాను. వీధిలో నిండి ఉన్న బిందెల వంక చూశాను. నిఘా పుస్తకంలో “గాలి” అని రాశాను. అలా పదమూడు రోజులు గాలి రాశాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను చేసిన ఒకే ఒక్క ప్రజాసేవ అది.

ఇదిలా సాగిపోయేదే. జుబేదా సరదా కొంప ముంచింది.

జుబేదా నూకరత్నం పక్కింటిదే, బట్టలు కుడుతుంది. ఆదివారాలు షూటింగు ఉండదు, ట్యాంకరూ రాదు. ఆ ఆదివారం వీధంతా మామూలుగా రైల్వే గేటు దగ్గరికి వెళ్ళారు. అక్కడ వరస పట్టుకోవడానికి మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. తెల్లారకముందే ఎవరి ప్లాస్టిక్ బిందె వాళ్ళు పెట్టేసి, కుళాయి వచ్చే వేళకి వస్తారు. ఆ రోజు అరవై రెండు బిందెలు బారుగా ఉన్నాయి. ఎర్రవి, పచ్చవి, నీలం. జుబేదాకి ఏం బుద్ధి పుట్టిందో, ఫోను తీసి పట్టుకుని చిట్టచివరి బిందెను కాలితో ఒక్క తోపు తోసింది. అది ముందుదాని మీద పడింది. అది దాని ముందుదాని మీద. డబడబడబమంటూ అరవై రెండూ కూలుకుంటూ పోయి మొట్టమొదటిది కుళాయికి ఠంగున తగిలింది. కుళాయి రెండుసార్లు దగ్గి, గాలి వదిలి ఊరుకుంది. జుబేదా గొంతు మార్చి అంది: “మానవ హస్త రహిత సేవా ప్రవాహం. మీ మున్సిపాలిటీ.”

సాయంత్రానికి అది ఊళ్ళో లేని ఫోను లేదు. మర్నాటికి జిల్లాలో లేని ఫోను లేదు. ఒక కాలేజీ వాళ్ళు పరీక్ష ఫలితాలు ఎలా వస్తాయో గోళీలతో తీశారు, గోళీ బయల్దేరిన చోటికే తిరిగి వస్తుంది. బస్ డిపో వాళ్ళెవరో పాత టైర్లతో తీశారు. మొత్తానికి రాష్ట్రంలో చేతికందినదల్లా ఇంకోదాని మీద పడుతోంది. మా అసలు ప్రకటన ఒక్కటే ఇంకా పడలేదు.

కమిషనర్ గారు జుబేదాకి నోటీసిచ్చారు. “సదరు బిందెలు మున్సిపల్ కుళాయి ఆవరణయందు ముందస్తు అనుమతి లేకుండా పడినందున...” అని మొదలవుతుంది. తర్వాత నిఖిలేష్‌ని పిలిచారు.

“వాళ్ళకి మొదటి టేకులోనే ఎలా అయింది?”

“బిందెలు ఖాళీవి సర్. ఖాళీవి ఈజీగా పడతాయి.”

“రేపు పూర్తి కావాలి. రేపే. వీధిలో ఒక్క నరమానవుడు ఉండకూడదు. గ్లాసు పట్టుకునే ఆవిడ తప్ప.”

ఆ సాయంత్రం నూకరత్నం జుబేదా గుమ్మంలో నిలబడి చెడామడా దులిపేసింది. “సరదాకి పోయి నోటికాడ నీళ్ళు తన్నేసేవు కదే! నీకేం, దున్నపోతులా ఉన్నావు, పది బిందెలు మోస్తావు. నా సంగతేంటే?” జుబేదా ఏడ్చేసింది. “నేను మోసిపెడతానక్కా,” అంది. “ఎన్నాళ్ళు మోస్తావే,” అని నూకరత్నం కూడా ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే వీధి ఖాళీ చేయించారు. ప్రతి రిజిస్టరూ ఎత్తి చూసి, కింద ఏమీ లేదని నన్ను రాసివ్వమన్నారు. కమిషనర్ గారు నా వెనకే నడుస్తున్నారు. ముప్ఫై ఏడో రిజిస్టరు ఎత్తాను. గింజ ఉంది. గుమ్మంలోంచి నూకరత్నం నన్నే చూస్తోంది.

“ఏమిటి సోమరాజుగారూ, ఆగారు?”

“ఏం లేదండి,” అన్నాను. గింజ తీసి జేబులో వేసుకున్నాను.

ఎందుకు తీశానంటే భయం. ఇంకే కారణమూ లేదు. “క్షుణ్ణముగా పరిశీలించితిని, అభ్యంతరకర వస్తువులేవియు లేవు,” అని రాసి సంతకం చేశాను. ఆ సంతకం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

స్టార్ట్ అన్నారు. అర్జీ పడింది. పేపర్‌వెయిట్ దొర్లింది. స్టాంపు పడింది. డెబ్భై ఎనిమిది రిజిస్టర్లూ కూలాయి. కుర్చీ కదిలింది, సరిగ్గా ఆగవలసిన చోట ఆగింది. ఫ్యాను తిరిగింది. ఒకటి, రెండు, అరవై. కుళాయి తిరిగింది. గ్లాసు నిండింది. నూకరత్నం ఆ నీళ్ళు తాగుతూ వెక్కి వెక్కి ఏడ్చింది.

“టియర్స్! రియల్ టియర్స్! ఓకే!” అని నిఖిలేష్ గంతులేశాడు. కమిషనర్ గారు కళ్ళు తుడుచుకున్నారు. గంటలో డ్రమ్ము దింపారు. కుళాయి కూడా విప్పుకుపోయారు, స్టోర్సుది కనుక.

ప్రకటనని పదకొండు లక్షల మంది చూశారు. ఒక షీల్డు కూడా వచ్చింది. షూటింగయిన మూడో సోమవారం నూకరత్నం నా కిటికీ దగ్గరికొచ్చింది. చంకలో బిందె, రెండో చెయ్యి పొత్తికడుపు మీద. గేటు దగ్గర్నుంచి అటే వచ్చినట్టుంది, చీరంతా తడి. కొత్త అర్జీ ఇచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక కాగితం వెంట నేను లోపలికి నడిచాను. బల్ల బల్లకీ నేనే మోసుకెళ్ళాను. సాయంత్రానికి జవాబొచ్చింది. దాన్ని ఆవిడకి చదివి వినిపించవలసిన ఖర్మ కూడా నాదే.

“అర్జీదారు గృహమునందు నీరు ప్రవహించినట్లు దృశ్య ఆధారము ఉన్నందునను, సదరు ప్రవాహమును పదకొండు లక్షల మంది పౌరులు వీక్షించి యున్నందునను, కొత్త కనెక్షన్ ఆవశ్యకత కనబడదు. అర్జీ ముగించడమైనది.”

నూకరత్నం బిందె కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది. నేను ఆవిడ మొహం చూడలేక కాగితం మడతపెడుతూ కూర్చున్నాను.

“నన్ను తిట్టమ్మా,” అన్నాను చివరికి.

“తిడితే నీళ్ళొస్తాయాండి?” అంది. కొంగుతో మొహం తుడుచుకుని కిటికీ దగ్గరికి జరిగింది. “బాబుగారూ, ఇంకో కాయితం రాసిపెడతారా?”

“కుళాయికా? ఇవ్వరమ్మా.”

“కుళాయికి కాదండి. షూటింగుకి. ఆ సినిమా అంత బాగా రాలేదని, మా ఈదిలోనే మళ్ళీ తియ్యాలని రాయండి. ఈసారి ఇంకా పొడుగ్గా.”

నాకు తెలిసిన ఆఫీసు తెలుగంతా ఒలకబోసి రాశాను. “తమరి దూరదృష్టికి అరవై ఒక్క అంచెలు చాలక పోవుటచేత, నూట ఇరవై రెండు అంచెలతో రెండవ భాగము నిర్మింపవలసినదిగా వీధి ప్రజల వినమ్ర ప్రార్థన.” నూకరత్నం వేలిముద్ర వేసింది. కమిషనర్ గారు చదివి లేచి నిలబడ్డారు. ప్రజలే స్వయంగా సుపరిపాలన కోరుతున్న అర్జీ తన సర్వీసులో చూడలేదన్నారు. అక్కడికక్కడే సంతకం పెట్టారు. వచ్చే సోమవారం నుంచే షామియానా, ట్యాంకరు, పాత సిబ్బందే.

వరండాలోకి వచ్చి ఆవిడకి చెప్పాను. నూకరత్నం వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది.

“నూట ఇరవై రెండంటే, ఎన్నాళ్ళు పడుతుందాండి బాబూ?”

“చెప్పలేమమ్మా,” అన్నాను. “నిఘాకి మళ్ళీ నన్నే వేశారు.”